ఉద్యోగానికి బ్రిటన్ వెళ్తూ సొంత బండిని వెంట తీసుకెళ్లడం: హైదరాబాద్ నుంచి స్వాన్సీ నంబర్ దాకా

మోటార్‌సైకిల్‌ని ఓడెక్కించడం ఈ మొత్తం పనిలో తేలికైన భాగం. డబ్బు కడితే పెట్టెలో పెట్టి పంపేవాళ్లు హైదరాబాద్‌లోనూ చెన్నైలోనూ ఉన్నారు. అసలు కష్టం కాగితాల దగ్గర, అందులోనూ ఏ కాగితం తర్వాత ఏది అన్న వరుస దగ్గర వస్తుంది. వరుస తప్పితే పన్ను మినహాయింపు పోతుంది, బండి పోర్టు గోదాంలో పడి ఉంటుంది, రోజురోజుకీ అద్దె పెరుగుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఓడ గురించి తక్కువ, కాగితాల గురించి ఎక్కువ చెబుతాను.

దేశాన్ని బట్టి రూల్స్ పూర్తిగా మారిపోతాయి కాబట్టి బ్రిటన్‌నే తీసుకుంటున్నాను. మన దగ్గర నుంచి వర్క్ వీసా మీద వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు, అక్కడా మనలాగే ఎడమవైపే నడుపుతారు. మిగతా దేశాల సంగతి చివర్లో క్లుప్తంగా చెబుతాను.

ముందు బండి వయసు చూడండి

ఏ షిప్పింగ్ కంపెనీకీ ఫోన్ చేయకముందే ఆర్సీ తీసి తయారీ నెల, సంవత్సరం చూడండి. తీసుకెళ్లాలా వద్దా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

తయారై పదేళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని మోటార్‌సైకిల్‌కి బ్రిటన్‌లో వెహికల్ అప్రూవల్ అక్కర్లేదు. ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష పాసైతే రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పదేళ్లలోపు బండికి మాత్రం ఎంఎస్‌వీఏ, అంటే మోటార్‌సైకిల్ సింగిల్ వెహికల్ అప్రూవల్ పాస్ కావాలి. అందులో బ్రేకులు, లైట్లు, అద్దాలు, శబ్దం, పొగ, స్పీడోమీటర్ అన్నీ అక్కడి ప్రమాణాల ప్రకారం చూస్తారు. మన దేశంలో అమ్మడానికి తయారైన బండి మన ప్రమాణాలకు తగ్గట్టు ఉంటుంది. అదే మోడల్‌ని కంపెనీ యూరప్‌లో అమ్ముతున్నా, మీ బండికి అక్కడి అప్రూవల్ సర్టిఫికెట్ వర్తిస్తుందని అనుకోవద్దు. హెడ్‌లైట్, ఇండికేటర్లు, సైలెన్సర్ మార్చాల్సి రావచ్చు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మూడు నాలుగేళ్ల క్రితం కొన్న క్లాసిక్ 350, హిమాలయన్, పల్సర్ లాంటివైతే ఇక్కడే అమ్మేయండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ బ్రిటన్‌లోనూ అమ్ముతుంది, కావాలంటే అక్కడ సెకండ్ హ్యాండ్‌లో అదే మోడల్ తీసుకోవచ్చు. రవాణా, అప్రూవల్, మార్పుల ఖర్చు కలిపితే బండి ఖరీదుని దాటిపోయే అవకాశమే ఎక్కువ. నాన్న నడిపిన పాత బుల్లెట్, మైసూర్‌లో తయారైన యెజ్డీ, 1985 నుంచి 1996 దాకా వచ్చిన ఆర్‌ఎక్స్100 లాంటివైతే మాట వేరు. అలాంటి బండి అమ్మితే మళ్లీ దొరకదు. పైగా నియమాలూ పాత బండికే అనుకూలంగా ఉన్నాయి. నలభై ఏళ్లు దాటి, హిస్టారిక్ తరగతిలో నమోదైన బండికి రోడ్డు ట్యాక్స్ ఉండదు, పెద్ద మార్పులు చేయకపోతే ఎంఓటీ తప్పనిసరి కాదు, లండన్‌లో పొగ ఎక్కువ వదిలే బండ్ల మీద వేసే యూలెజ్ రుసుమూ పడదు.

యూలెజ్ సంగతి లండన్ వెళ్లేవాళ్లు తప్పక చూసుకోవాలి. అక్కడ మోటార్‌సైకిల్ యూరో 3 అనే పొగ ప్రమాణానికి సరిపోవాలి. సరిపోకపోతే బండి తీసిన ప్రతి రోజుకీ 12.50 పౌండ్లు కట్టాలి. 1992 నాటి ఆర్‌ఎక్స్100 మీద రోజూ ఆఫీసుకి వెళ్దామనుకుంటే ఆ లెక్క ముందే వేసుకోండి. మాంచెస్టర్‌లోనో లీడ్స్‌లోనో ఉద్యోగమైతే ఈ బాధ లేదు.

ఆరు నెలలు, పన్నెండు నెలలు

కొత్త దేశంలో కాపురం పెట్టేవాళ్లు తమ సామాను తెచ్చుకుంటే కస్టమ్స్ సుంకం, వ్యాట్ లేకుండా వదిలే సదుపాయం ఉంది. దాని పేరు ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్, పొట్టిగా టీఓఆర్. ఇది దొరక్కపోతే బండి విలువ మీద ఇంజిన్ సైజుని బట్టి సుంకం, దాని మీద 20 శాతం వ్యాట్ కట్టాలి. ఆ విలువలో రవాణా ఖర్చు కూడా కలుస్తుంది.

టీఓఆర్‌కి ముఖ్యమైన షరతులు ఇవి. వెళ్లేముందు కనీసం పన్నెండు నెలలు బ్రిటన్ బయట నివసించి ఉండాలి. బండి కనీసం ఆరు నెలలుగా మీ దగ్గర ఉండి, మీరు వాడుతూ ఉండాలి. అక్కడికి మారాక పన్నెండు నెలల్లోపు బండి చేరాలి. వచ్చాక మరో పన్నెండు నెలలు దాన్ని అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, ఎవరికీ వాడుకోవడానికి కూడా ఇవ్వకూడదు. ఇస్తే మినహాయించిన పన్ను కట్టాల్సి వస్తుంది. రూమ్‌మేట్ అడిగాడని తాళం ఇవ్వడం కూడా ఇందులోకే వస్తుంది.

ఆరు నెలల షరతు దగ్గరే మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కుంటారు. బండి నడిపేది కొడుకే అయినా ఆర్సీ తండ్రి పేరు మీద ఉంటుంది. బండి మీదని, మీరే వాడారని చూపించాలంటే ఆర్సీ మీ పేరు మీద ఉండటమే తేలికైన దారి. కాబట్టి విదేశీ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు మొదలైనప్పుడే ఫారం 29, ఫారం 30 పెట్టి పేరు మార్పించుకోండి. ఆఫర్ లెటర్ వచ్చాక మొదలుపెడితే చాలామందికి ఆరు నెలలు మిగలవు. వాడిన ఆధారాలుగా మీ పేరు మీద ఉన్న ఇన్సూరెన్స్ పాలసీలు, పొల్యూషన్ సర్టిఫికెట్లు, సర్వీసు బిల్లులు ఒక ఫైల్‌లో పెట్టుకోండి.

ప్రయాణానికి ముందు ముచ్చటపడి కొత్త బండి కొని తీసుకెళ్దామనే ఆలోచన ఈ షరతు దగ్గరే ఆగిపోతుంది.

ఇక్కడ కదలాల్సిన కాగితాలు

బండి మీద లోన్ ఉంటే ముందు అది తీర్చండి. బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ లెటర్, ఫారం 35 ఆర్టీఓ ఆఫీసులో ఇచ్చి ఆర్సీ నుంచి హైపోథికేషన్, అంటే బ్యాంకు తాకట్టు నమోదు, తీయించాలి. డబ్బు కట్టేశాం కదా అని ఆగిపోకండి, ఆర్సీలో బ్యాంకు పేరు ఉన్నంతవరకు ఎన్ఓసీ, అంటే బండిని తరలించడానికి అభ్యంతరం లేదని ఆర్టీఓ ఇచ్చే పత్రం, రాదు.

తర్వాత ఈ-చలాన్లు. మీ నంబర్ మీద ఉన్నవన్నీ ఆన్‌లైన్‌లో చూసి కట్టేయండి. వేరే జిల్లాలో, పక్క రాష్ట్రంలో పడ్డవి కూడా వెతకండి.

పాత బండి అయితే ఇంకో మెట్టు ఉంది. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకే ఉంటుంది కాబట్టి గడువు దాటిన బండికి ఫారం 25తో రెన్యూవల్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ బకాయి ఉంటే కట్టాలి. షెడ్డులో ఏళ్ల తరబడి నిలబడిపోయిన బుల్లెట్‌కి ఇదే ఎక్కువ సమయం తినే పని. ఇంజిన్ రిపేరు, ఇన్సూరెన్స్, పొల్యూషన్, తనిఖీ అన్నీ దీనికే ముడిపడి ఉంటాయి.

ఇవి పూర్తయ్యాక ఎన్ఓసీకి ఫారం 28. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన ముద్ర దీనికి కావాలి. ఫారం 28 మామూలుగా వేరే ఆర్టీఓ పరిధికి మారేవాళ్ల కోసం వాడేది. విదేశానికి వెళ్లే బండి కౌంటర్‌లో ఉన్నవాళ్లకి రోజూ తగిలే కేసు కాదు. అందుకే బండిని శాశ్వతంగా బ్రిటన్‌కి తీసుకెళ్తున్నానని విడిగా ఒక లెటర్ రాసి, పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగపు లెటర్ కాపీలు జతచేసి నేరుగా అధికారిని కలవండి. ఎన్ఓసీలో ఆ సంగతి రాయమని అడగండి. దీంతోపాటు బండి దొంగ సొత్తు కాదని చూపే ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) రిపోర్టు కావాలి, అది వాళ్ల వాహన్ సమన్వయ్ సేవ ద్వారా ఆన్‌లైన్‌లోనే వస్తుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఒరిజినల్ ఆర్సీని ఎవరికీ వదిలేయకండి. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్‌కి విదేశీ ఆర్సీ ఒరిజినల్ పంపాలి. ఎన్ఓసీతో పాటు అది మీ చేతిలోనే ఉండాలి, విమానంలో మీ హ్యాండ్ బ్యాగులో వెళ్లాలి. బండి పెట్టెలో పెట్టి పంపితే కస్టమ్స్ దగ్గర అవసరమైన రోజున అది తాళం వేసిన కంటైనర్‌లో ఉంటుంది.

ఇంకో కాగితం ఇక్కడ ఉండగానే సంపాదించండి: తయారీ తేదీ చెప్పే లెటర్. కంపెనీ ఇప్పటికీ ఉంటే వాళ్ల దగ్గర, లేకపోతే బ్రిటన్‌లోని వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ లాంటి సంస్థ దగ్గర ఫ్రేమ్ నంబర్‌ని బట్టి డేటింగ్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. వయసు రుజువు కాకపోతే బండికి క్యూ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఇస్తారు. దాంతో ఇన్సూరెన్స్ దగ్గరా, తర్వాత అమ్మకం దగ్గరా తలనొప్పే.

టీఓఆర్ ముందు, ఓడ తర్వాత

టీఓఆర్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో బ్రిటన్ పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీకి పెట్టాలి. పాస్‌పోర్టు, ఇక్కడి చిరునామా, అక్కడి చిరునామా రుజువులు, తీసుకెళ్లే సామాను లిస్టు, బండి ఛాసిస్ నంబర్, యాజమాన్యపు ఆధారం అడుగుతారు. ఆమోదిస్తే ఒక ప్రత్యేక రిఫరెన్స్ నంబర్ వస్తుంది. ఆ నంబర్ వచ్చేదాకా బండిని కదిలించకండి. ఏజెంటు "ముందు పంపేద్దాం సార్, ఓడ వెళ్లేలోపు వచ్చేస్తుంది" అన్నా ఒప్పుకోవద్దు. నంబర్ రాకముందే బండి పోర్టులో దిగితే గోదాం అద్దె మీ నెత్తిన పడుతుంది, లేదంటే సుంకం కట్టి విడిపించుకోవాలి.

బండితోపాటు స్పేర్ పార్టులు తీసుకెళ్తే అవి కూడా ఆ లిస్టులోనే రాయండి. యెజ్డీ, ఆర్‌ఎక్స్100 వాళ్లు క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, బ్రేక్ షూలు, గ్యాస్కెట్ సెట్లు ఇక్కడే కొనుక్కోవడం మంచిది.

మీరు ముందు వెళ్లి, ఇల్లు చూసుకుని, బండి పెట్టుకోవడానికి తాళం వేసే చోటు దొరికాక తెప్పించుకోవడం అన్నిటికంటే మంచి పద్ధతి. పన్నెండు నెలల గడువు ఉంది కదా. అలా చేస్తే ఆర్టీఓ పనులన్నీ వెళ్లేముందే ముగించి, మిగతా పనికి తమ్ముడికో స్నేహితుడికో ఆథరైజేషన్ లెటర్ ఇచ్చి వెళ్లండి.

పెట్టె, పోర్టు, కొటేషన్

హైదరాబాద్ నుంచి బండి సనత్‌నగర్ కంటైనర్ డిపో ద్వారానో, లారీలో చెన్నైకో ముంబై దగ్గరి నవా షేవాకో వెళ్తుంది. ఉత్తరాంధ్ర వాళ్లకి విశాఖ ఉంది. ఒక్క బండికి మొత్తం కంటైనర్ అక్కర్లేదు, పదిమంది సామాను కలిపి పంపే ఎల్‌సీఎల్ పద్ధతి చాలు.

ఎల్‌సీఎల్‌లో రేటు ఘనపు మీటర్ల లెక్కన ఉంటుంది. క్లాసిక్ 350ని ఉన్నదున్నట్టు పెట్టెలో పెడితే దాదాపు 2.25 మీటర్ల పొడవు, 0.85 వెడల్పు, 1.25 ఎత్తు అవుతుంది, అంటే సుమారు 2.4 ఘనపు మీటర్లు. ముందు చక్రం, అద్దాలు తీసి, హ్యాండిల్ బార్ వదులు చేసి పక్కకి తిప్పి కట్టిస్తే దాన్ని 1.5 లోపుకి తేవచ్చు. ఈ ఒక్క పనితో ఖర్చులో పెద్ద తేడా వస్తుంది. తీసిన బోల్టులు, వాషర్లు వేర్వేరు కవర్లలో వేసి పేర్లు రాసి పెట్టించండి.

పెట్టె కలప హీట్ ట్రీట్‌మెంట్ చేసినదై, దాని మీద ఐపీపీసీ గోధుమ కంకి ముద్ర ఉండాలి. కలపలోని పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన ఐఎస్‌పీఎం 15 నియమం ఇది. కలప లోపలి భాగం కూడా 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉండాలి. ఊళ్లో వడ్రంగితో చేయించిన మామూలు పెట్టె ఎంత గట్టిదైనా దీనికి పనికిరాదు.

పెట్రోల్ ట్యాంకు, కార్బురేటర్ పూర్తిగా ఖాళీ చేసి, బ్యాటరీ వైర్లు విప్పి టెర్మినల్స్‌కి టేపు చుట్టాలి. ప్రమాదకర సరుకుల నియమాల్లో మోటార్‌సైకిల్‌కి యూఎన్ 3166 అనే నంబర్ ఉంది, షిప్పింగ్ కంపెనీ డిక్లరేషన్ అడుగుతుంది. బండిని శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరాక క్రోమ్ మీద, స్పోకుల మీద పలుచగా గ్రీజు పూసి, పెట్టెలో సిలికా జెల్ సంచులు వేయించండి. వారాల తరబడి సముద్రపు తేమలో ఉంటుంది. ఎర్ర సముద్రంలో దాడులు మొదలైన 2023 చివరి నుంచి చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది కాబట్టి, బుక్ చేసే రోజున ఏ దారిలో వెళ్తుందో, ఎన్ని రోజులు పడుతుందో అడగండి.

పెట్టె మూసేముందు ఓడోమీటర్, ఛాసిస్ నంబర్, ట్యాంకు, రెండు పక్కలా ఫొటోలు తీసుకోండి. మెరైన్ ఇన్సూరెన్స్‌లో "ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజెస్ (ఏ)" అన్న విస్తృత కవర్ తీసుకోండి. చవకైన పాలసీలో గీతలకి, సొట్టలకి పరిహారం రాదు.

కొటేషన్ దగ్గర జాగ్రత్త. చాలామంది ఇక్కడి పోర్టు నుంచి అక్కడి పోర్టు దాకా మాత్రమే రేటు చెప్తారు. వినడానికి చౌకగా ఉంటుంది. అక్కడ దిగాక టెర్మినల్ చార్జీలు, కంటైనర్ విప్పే చార్జీ, గోదాం అద్దె, కస్టమ్స్ క్లియరెన్స్ ఫీజు, ఇంటికి వ్యాన్ అని ఒక్కొక్కటీ పౌండ్లలో వస్తాయి. అందుకే ఇంటి నుంచి ఇంటికి ఎంత, అందులో ఏవి కలిసి లేవు అన్నది రాతపూర్వకంగా అడగండి. కనీసం మూడు చోట్ల అడిగి, బ్రిటన్ వైపు ఖర్చులు విడివిడిగా రాసిచ్చినవాళ్లనే నమ్మండి. షిప్పింగ్ బిల్లు (మన కస్టమ్స్ ఇచ్చే ఎగుమతి పత్రం), బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు)లలో మీ పేరు, ఛాసిస్ నంబర్ ఆర్సీలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయా చూడండి.

అక్కడ దిగాక

బండి చేరిన 14 రోజుల్లోపు హెచ్ఎంఆర్‌సీకి నోవా అనే పద్ధతిలో బండి వచ్చిందని తెలియజేయాలి. టీఓఆర్ వచ్చింది కదా, ఇంకేం చెప్పాలి అనుకోవద్దు. నోవా రికార్డు లేకపోతే బండ్లు రిజిస్టర్ చేసే అక్కడి సంస్థ డీవీఎల్ఏ రిజిస్ట్రేషన్ ఇవ్వదు.

తర్వాత వ్యాన్‌లో మెకానిక్ దగ్గరికి. చక్రం బిగించి, ఆయిల్ మార్చి, స్పీడోమీటర్‌లో మైళ్లు కనిపించేలా చేయించండి, మన మీటర్లలో కిలోమీటర్లే ఉంటాయి. పెద్ద శబ్దం చేసే సైలెన్సర్ ఉంటే తీసి కంపెనీది పెట్టించండి. రిజిస్ట్రేషన్ కాని బండిని రోడ్డు మీద నడపడానికి ఒక్కటే వీలుంది: ముందే బుక్ చేసుకున్న ఎంఓటీకో అప్రూవల్ పరీక్షకో వెళ్లి రావడం. దానికి కూడా ఇన్సూరెన్స్ ఉండాలి. నంబర్ ఇంకా లేదు కాబట్టి ఛాసిస్ నంబర్ మీద పాలసీ ఇచ్చే కంపెనీని వెతుక్కోవాలి.

ఎంఓటీ, పదేళ్లలోపు బండైతే అప్రూవల్ కూడా చేతికొచ్చాక వీ55/5 ఫారం నింపి, 55 పౌండ్ల ఫీజు, రోడ్డు ట్యాక్స్, ఒరిజినల్ ఆర్సీ, తయారీ తేదీ లెటర్, గుర్తింపు కాపీలతో స్వాన్సీలోని డీవీఎల్ఏకి పోస్టులో పంపాలి. పంపే ముందు ప్రతి కాగితానికీ కాపీ తీసుకోండి, ట్రాకింగ్ ఉన్న పోస్టులోనే పంపండి. వీ5సీ అనే లాగ్‌బుక్, నంబర్ వచ్చాక రిజిస్టర్డ్ షాపులో ప్లేటు చేయించుకోండి. వెనక పసుపు ప్లేటు ఒక్కటి చాలు.

బండి బయట పెట్టక తప్పకపోతే మంచి గొలుసు, తాళం కొనండి. లండన్‌లో బండ్ల దొంగతనాలు ఎక్కువ, ఇన్సూరెన్స్ కంపెనీలు తాళం గురించి అడుగుతాయి. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది మన బండ్ల క్రోమ్‌ని ఒక్క సీజన్‌లోనే తినేస్తుంది. నడిపిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, తుప్పు పట్టకుండా స్ప్రే కొట్టండి. బంకుల్లో మామూలు పెట్రోల్ "ఈ10" (ఇథనాల్ పది శాతం దాకా కలిసినది), పాత కార్బురేటర్ బండికి సూపర్ పేరుతో అమ్మే "ఈ5" (అయిదు శాతం దాకా) పోయండి.

లైసెన్సు గడువు

అక్కడ నివాసం మొదలైన రోజు నుంచి పన్నెండు నెలల దాకా మన లైసెన్సు మీద మోటార్‌సైకిల్ నడపవచ్చు, లైసెన్సులో గేర్ బండి ఉండాలి. ఆ తర్వాత చెల్లదు. మన లైసెన్సు ఇచ్చి అక్కడి లైసెన్సు తీసుకునే వీలు లేదు, ప్రొవిజనల్ లైసెన్సు, సీబీటీ అనే ప్రాథమిక శిక్షణ, థియరీ పరీక్ష, మాడ్యూల్ 1, మాడ్యూల్ 2 అనే బండి నడిపే పరీక్షలు వరుసగా దాటాలి. 350 సీసీ బుల్లెట్‌కి ఏ2 తరగతి సరిపోతుంది, దానికి 19 ఏళ్లు నిండాలి. పరిమితి లేని "ఏ" (A) తరగతి నేరుగా కావాలంటే 24 ఏళ్లు.

ఈ పన్నెండు నెలలు మీరు దిగినప్పుడే మొదలవుతాయి, బండి వచ్చినప్పుడు కాదు. బండి ఎనిమిదో నెలలో చేరి, నంబర్ పదో నెలలో వస్తే మిగిలేది రెండు నెలలే. ప్రొవిజనల్ లైసెన్సుకి దిగిన కొత్తలోనే దరఖాస్తు పెట్టేయండి.

వేరే దేశాలైతే

అమెరికాకి మన బండి తీసుకెళ్లడం దాదాపు కుదరదు. అక్కడి భద్రతా ప్రమాణాలకు తయారుకాని బండికి 25 ఏళ్లు నిండితేనే ఆ నియమాల నుంచి మినహాయింపు. జర్మనీలో ఆరు నెలల వాడకం, పన్నెండు నెలల నివాసం షరతులు బ్రిటన్‌లాగే ఉంటాయి, కానీ కుడివైపు నడిపే దేశం కాబట్టి హెడ్‌లైట్ మార్చాలి, టీయూవీ లాంటి సంస్థ దగ్గర విడి తనిఖీ పాస్ కావాలి. మన లైసెన్సు అక్కడ ఆరు నెలలే చెల్లుతుంది. కార్నే, అంటే బండిని సుంకం లేకుండా తాత్కాలికంగా తీసుకెళ్లే పత్రం, తీసుకుంటే పన్నులుండవు కదా అని కొందరు అడుగుతారు. కార్నే తిరిగొచ్చే ప్రయాణికుల కోసం, గడువులోపు బండి ఆ దేశం దాటాలి. ఉద్యోగానికి వెళ్లి స్థిరపడేవాళ్లకి అది దారి కాదు.

ఇక్కడ కస్టమ్స్ ఇచ్చిన షిప్పింగ్ బిల్లు కాపీని బండి నంబర్ వచ్చాక కూడా పారేయకండి. కాంట్రాక్టు ముగిసి బండితో సహా తిరిగి రావాల్సి వస్తే, అది ఇక్కడి నుంచే వెళ్లిందని మన కస్టమ్స్‌కి చూపించాల్సిన కాగితం అదే. ఎన్ఓసీ కాపీ, ఛాసిస్ ముద్ర, పెట్టె మూసేముందు తీసిన ఫొటోలు దానితో కలిపి ఒకే ఫైల్‌లో పెట్టండి.